ఇంతేనా గారు

ప్రతి టూరు బృందంలోనూ ఆయన ఒకరుంటారు. వయసు అరవై దాటి డెబ్బై చేరనిది. ఏదో ఒక ప్రభుత్వరంగ సంస్థలో పెద్ద ఇంజనీరుగా రిటైరై ఉంటారు. తలమీద కొత్త టోపీ, కాళ్ళకి కొడుకు అమెరికా నుంచి పంపిన బూట్లు, మెడలో ట్రావెల్స్ వాళ్ళిచ్చిన ట్యాగు. ఆ ట్యాగు స్నానానికి తప్ప తియ్యరు. పాస్‌పోర్టులో పేరు ఏదైనా కానివ్వండి, బృందం పెట్టే పేరు మాత్రం ఇంతేనా గారు. ఏ వింత చూపించినా ఆయన నోట వచ్చే మొదటి మాట "ఇంతేనా?" రెండో మాట "మన దగ్గర ఇంతకన్నా పెద్దది ఉంది."

ఈ జాతి పెద్దమనుషులు చాలామంది తెలుసుగానీ, తీరిగ్గా పక్కన కూర్చుని గమనించే భాగ్యం నాకు మారిషస్‌లో, ఆగ్నేయ తీరాన ఉన్న మహేబూర్ అనే చిన్న ఊళ్ళో కలిగింది. దిగిన గంటలోనే ఆయన ఆ ఊరి పేరు మహబూబాబాద్ చేశారు. తిరిగొచ్చేదాకా అదే ఖాయం.

అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. విమానం దిగగానే అందరం వాచీలు తిప్పుకున్నాం. ఆయన తిప్పుకోలేదు. "వారం రోజుల సంబడానికి వాచీ ఎందుకు పాడుచేసుకోవడం?" అన్నారు. దాంతో ఆయనకి పదకొండింటికే భోజనం వేళ అయిపోయేది. రాత్రి ఏడున్నరకి ఆవులింతలు. తెల్లవారుజామున మూడున్నరకి లేచి, హోటల్ వసారాలో పచార్లు చేస్తూ, "కాఫీ ఇచ్చేవాడే లేడు, ఏం దేశమండీ ఇది!" అని మా తలుపుల బయట నిలబడి దేశాన్ని తిట్టేవారు.

ఆయన ఈ టూరుకి డబ్బు కట్టింది అగ్నిపర్వతం కోసం. బ్రోచర్లో "అగ్నిపర్వత ద్వీపం" అని ఎర్రక్షరాల్లో వేశారు మరి. క్యూర్‌పీప్ ఊళ్ళో, 600 మీటర్ల ఎత్తున, త్రూ ఓ సెర్ అనే బిలం ఉంది. చుట్టూ నడవడానికి చక్కటి రోడ్డు, లోపల వాలంతా దట్టంగా చెట్లు, అడుగున కాసిని నీళ్ళు. ఇంతేనా గారు రెయిలింగు పట్టుకుని చాలాసేపు కిందికి చూశారు.

"పొగేదీ?"

"చల్లారిపోయింది సార్. వేల ఏళ్ళయింది," అన్నాడు గైడు.

"చచ్చిపోయిందా? మరి ఆ ముక్క బ్రోచర్లో వెయ్యలేదే?"

గైడు మంచివాడు. పర్వతం తరఫున క్షమాపణ చెప్పి, పక్కన రీయూనియన్ ద్వీపంలో పితో ద లా ఫుర్నేజ్ అని ఇంకొకటుందనీ, అది తరచుగా లావా కక్కుతూనే ఉంటుందనీ ఊరడించాడు. ఎంత దూరమని అడిగారీయన. రెండొందల కిలోమీటర్ల పైచిలుకు అన్నాడు. "అంటే వైజాగ్ నుంచి రాజమండ్రికి కాస్త ఎక్కువ. ఆ బస్సేదో అటు తిప్పకూడదటయ్యా?" మధ్యలో ఉన్నది హిందూ మహాసముద్రమని చెప్పడానికి గైడుకి నోరు రాలేదు. డ్రైవరు మాత్రం దిగి టైర్లు చూసుకున్నాడు.

నిజానికి ఆ చల్లారిన అగ్ని ఎక్కడికీ పోలేదు. దీవి మొత్తం దాని చేతిపనే. మహేబూర్ దారంతా చెరుకు తోటలు, తోటల మధ్య నల్లరాతి గుట్టలు. ఆ నలుపంతా ఒకనాటి లావా. విమానాశ్రయం దగ్గర ప్లేన్ మాన్యాఁ పొలాల్లో ఇలాంటివే ఏడు గుట్టలు మెట్లుమెట్లుగా, పిరమిడ్లని పేరుపడేంత పొందికగా ఉంటాయి. దున్నడానికి నేల కావాలంటే ముందు రాళ్ళు ఏరాలి. 1834 నుంచి ఒప్పంద కూలీలుగా ఓడల్లో వచ్చిన లక్షలాది భారతీయులు చేసిన మొదటి పనుల్లో ఇదొకటి. అందులో కోరంగి రేవులో ఓడెక్కిన మన గంజాం, విశాఖ, గోదావరి జిల్లాలవాళ్ళూ ఉన్నారు. ఎంత బరువు మోశారో ఆ గుట్టలే చెబుతాయి. గైడు ఇదంతా చెబుతుంటే బస్సులో అందరం మాటల్లేకుండా విన్నాం. ఇంతేనా గారు కిటికీలోంచి చూసి, "ఇన్ని రాళ్ళు ఉత్తినే వదిలేశారండీ. మన దగ్గరైతే ఈపాటికి క్రషర్ పెట్టేసేవాళ్ళు," అన్నారు. విశాఖ చుట్టుపక్కల కొండలకి పట్టిన గతి తెలిసినవాణ్ణి కాబట్టి, ఈ ఒక్క పోలికతో నాకు పేచీ లేదు.

మహేబూర్‌కి చరిత్ర తక్కువేం కాదు. డచ్చివాళ్ళు 1598లో ఈ దీవి మీద కాలుపెట్టింది ఈ అఖాతంలోనే. చెరుకు తెచ్చిందీ, నూరేళ్ళు తిరక్కుండా డోడో పక్షిని లేకుండా చేసిందీ వాళ్ళ కాలంలోనే. ఊరికి పేరిచ్చిన మహే ద లా బూర్దొనే, 1746లో ఈ దీవి నుంచి ఓడలేసుకుని వెళ్ళి మన చెన్నపట్నం పట్టుకున్న ఘనుడు. 1810 ఆగస్టులో ఊరి ఎదుటి సముద్రంలోనే ఫ్రెంచివాళ్ళు ఇంగ్లీషు నావికాదళాన్ని చిత్తుగా ఓడించారు. ప్యారిస్‌లో విజయతోరణం మీద ఆ యుద్ధం పేరు చెక్కారు కూడా. గాయపడ్డ సేనానులిద్దర్నీ, గెలిచినవాణ్ణీ ఓడినవాణ్ణీ, ఒకే ఇంట్లో ఉంచి వైద్యం చేశారు. ఆ ఇల్లే ఇవాళ మ్యూజియం. (అదే ఏడాది డిసెంబరుకల్లా ఇంగ్లీషువాళ్ళు ఉత్తరాన దిగి దీవి మొత్తం లాగేసుకున్నారు. ఆ సంగతి చెక్కడానికి తోరణం మీద చోటు చాల్లేదు కాబోలు.)

ఇంతేనా గారు మ్యూజియంలో బొబ్బిలి యుద్ధం మొదలుపెట్టారు. "1757. అక్కడా ఫ్రెంచివాళ్ళే. బుస్సీ దొర. తాండ్ర పాపారాయుడి ముందు వీళ్ళెంత?" అంటూ మెట్ల దగ్గర నిలబడి కత్తి దూసిన చెయ్యి చూపించారు. జర్మన్ దంపతులిద్దరు అది మ్యూజియంవారి కార్యక్రమమే అనుకుని ఆగి చూశారు. ఆయన విశ్రాంత జీవితంలో అంత శ్రద్ధగా విన్న శ్రోతలు దొరకడం అదే మొదలేమో, కోట తగలబడేదాకా వదిలిపెట్టలేదు.

మర్నాడు బ్లూ బే. అడుగున అద్దం బిగించిన పడవెక్కించారు. కింద పగడాలు, చారల చేపలు. మేమంతా తలలు వంచుకుని చూస్తుంటే ఆయన ఇంజను ఎన్ని హార్స్‌పవరో ఆరా తీస్తున్నారు. పడవ నడిపే మనిషి దూరంగా చెయ్యి చూపించి, 2020 జూలైలో వకాషియో అనే పెద్ద ఓడ అక్కడ పగడాల దిబ్బ మీదికి ఎక్కేసిందని చెప్పాడు. వెయ్యి టన్నుల దాకా నూనె సముద్రంలో కలిసింది. ఊరివాళ్ళు ప్రభుత్వం కోసం చూడకుండా చెరుకాకు పోగేసి, బట్టల్లో కుక్కి, పొడవాటి తలగడల్లా కుట్టి, మహేబూర్ ఒడ్డున నీళ్ళకి అడ్డంగా వేశారు. కత్తిరించిన జుట్టు కూడా తెచ్చిచ్చారట. ఎవరికైనా ఏదో అనాలనిపించే సంగతి. ఇంతేనా గారికి అనిపించింది: "మా వైజాగ్ హుద్‌హుద్ తుపాను చూడాలయ్యా నువ్వు!"

కష్టంలో కూడా మన ఊరు రెండో స్థానంలో ఉండటానికి ఆయన ఒప్పుకోరు. 2014 అక్టోబరు 12 పొద్దున్నుంచి మొదలుపెట్టి, విరిగిన ప్రతి చెట్టూ ఏకరువు పెట్టారు. పడవవాడు ఓపిగ్గా అంతా విని, "మా అమ్మమ్మ 1960లో కేరల్ తుపాను చూసింది," అన్నాడు. ఇక రెండు తుపాన్లూ ఆ చిన్న పడవలో ఢీకొన్నాయి. ఒడ్డుకొచ్చేసరికి ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని దిగారు. పగడాలు మాత్రం ఆయన చూడలేదు.

సోమవారం మహేబూర్‌లో పెద్ద సంత. ఆయన్ని చూడాలంటే సంతలోనే చూడాలి. ముందు నోటు దగ్గర గొడవ. మారిషస్ రూపాయి నోటు మీద ఇంగ్లీషుతో పాటు తమిళం, హిందీ ఉంటాయి. ఆయన నోటు అటూ ఇటూ తిప్పి, ఎండకి పట్టి చూసి, "తమిళం వేశారు, తెలుగేదీ?" అన్నారు. మొహం జేవురించింది. వచ్చేటప్పుడు పనిమనిషికి ఇంటి తాళాలిచ్చి, చీటీ కూడా ఇంగ్లీషులోనే రాసిపెట్టిన మనిషి. తెలుగు మీద ఆయనకి ప్రేమ పొంగింది ఆ సంతలోనే.

తర్వాత కూరలు. ములగాకు కట్టలు చూసి "ఇంతేనా? ఇది మా పెరట్లో మేకలు తింటాయి" అన్నారు. అక్కడ దాన్ని బ్రెడ్ మురూమ్ అంటారు. బీరకాయల్ని, పొట్లకాయల్ని, బెండకాయల్ని వరసగా గుర్తుపట్టి, ఒక్కొక్కదానికీ నిరాశపడ్డారు. అటు పక్కన నూనె మూకుట్లో గాతో పిమాఁ వేగుతున్నాయి. పప్పు కచ్చాపచ్చాగా రుబ్బి, పచ్చిమిర్చి, ఉల్లికాడ కలిపి చిన్నచిన్న ఉండలుగా వేస్తారు. "మసాలా వడ! దీనికోసం విమానం ఎక్కాలా?" అని ఒకటి నోట్లో వేసుకున్నారు. ఆగి ఇంకోటి వేసుకున్నారు. పొట్లం ఖాళీ చేసి, ఇంకో పొట్లం కట్టించుకుని, ధోల్ పూరీ బండి దగ్గరికి నడిచారు. "బెల్లం లేని బొబ్బట్టు" అని దాన్నీ కొట్టిపారేస్తూ నాలుగు తిన్నారు. ఈ జాతివాళ్ళకి పోలిక ఒక పచ్చడి, నంజుకుంటూ ఉంటే గానీ ఏదీ సహించదు.

కొత్తిమీర అమ్మే ఒక పెద్దావిడ ఇదంతా చూస్తోంది. మేం మాట్లాడుకోవడం విని లేచి నిలబడింది.

"మీరు తెలుగువారా అయ్యా? ఏ గ్రామమునుండి వచ్చినారు?"

బడిలో నేర్చుకున్న తెలుగు. ఇంట్లో మాట్లాడేది క్రియోల్. ఇంతేనా గారు తడబడి, "యాక్చువల్లీ వుయ్ ఆర్ ఫ్రమ్ వైజాగ్ అమ్మా," అన్నారు.

ఆవిడ మొహం విప్పారింది. "సింహాద్రి అప్పన్న కొండ అక్కడనే కదా?"

"అదా! మా ఇంటి నుంచి పదిహేను కిలోమీటర్లు," అన్నారీయన, కొండ తనే కట్టించినట్టు.

వాళ్ళ ముత్తాతలు ఓడెక్కినప్పుడు అప్పన్నని వెంట తెచ్చుకున్నారట. ఏటా దీపం పెట్టి, దాని చుట్టూ పాటలు పాడతారట. ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు కూడా ఉంది. ఆవిడ ఇండియా ఎన్నడూ రాలేదు. అందుకని ఆశగా అడిగింది: "చందనము తీసినప్పుడు స్వామి ఎట్లు ఉండును అయ్యా? మీరు ఎన్ని పర్యాయములు చూచినారు?"

మొదటిసారి ఆయన దగ్గర "మన దగ్గర" అనే మాట రాలేదు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. అక్షయ తృతీయనాడు రష్ అనీ, క్యూ అనీ, ఎండ అనీ గొణిగారు. పక్కనుంచి ఆయన భార్య, టూరంతటికీ కలిపి ఆవిడ నోరు విప్పిన సందర్భాలు తక్కువ, తాపీగా చెప్పింది: "ఈయనకి వీఐపీ పాసు దొరికితేగానీ దేవుడు కనపడడమ్మా. ఉద్యోగం ఉన్నంతకాలం దొరికింది. రిటైరయ్యాక వెళ్ళలేదు."

ఆ పెద్దావిడకి పాసంటే ఏమిటో అర్థం కాలేదు. కొత్తిమీర కట్ట ఒకటి ఊరికే చేతిలో పెట్టింది. ఇంతేనా గారు దాన్ని వాసన చూశారు. "మన కొత్తిమీరే," అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

మారిపోయారనుకునేరు. ఆ సాయంత్రమే, షామరెల్‌లో ఏడు రంగుల నేల చూపిస్తామంటే "మా భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలున్నాయి, అవి చాలు" అని బస్సు దిగలేదు. ఎర్రమట్టి దిబ్బలు ఆయన చూడలేదని నాకు తర్వాత తెలిసింది. అరకు బొర్రా గుహలు కూడా, ఆఫీసు పిక్నిక్‌లో బయటినుంచి చూసినవే. సొంత ఊరి గొప్ప ఆయనకి విమానం ఎక్కితేగానీ గుర్తురాదు. దిగితే ఉండదు.

దిగాక ఏమవుతుందో విశాఖ ఆర్‌కే బీచ్‌లో చూశాను. పొద్దున్నే వాకింగ్ మిత్రుల మధ్య ఆయన నిలబడి మన సముద్రాన్ని ఎగాదిగా చూస్తున్నారు. "ఇంతేనా? మహబూబాబాద్‌లో నీళ్ళు చూడాలండీ, అడుగున పగడాలు లెక్కపెట్టొచ్చు," అంటున్నారు. చేతిలో మసాలా వడ. "ఇందులో ఉల్లికాడ వెయ్యాలయ్యా, మారిషస్‌లో వేస్తారు," అని బండివాడికి పాఠం. వాచీ కేసి చూసుకుని, "అక్కడ ఇప్పుడు నాలుగున్నరే," అన్నారు. ఈసారి వాచీ తిప్పకపోవడం కుదిరింది.

వచ్చే వేసవికి బాలి టూరుకి అడ్వాన్సు కట్టేశారట. అక్కడి పర్వతాలు బతికే ఉన్నాయని ముందే ఫోన్ చేసి కనుక్కున్నారు. ఆ బృందంలో మీరుంటే కిటికీ సీటు ఆయనకే వదిలెయ్యండి, అర్ధరాత్రి తలుపు కొడితే పలక్కండి, ఆయన భార్య ఎప్పుడైనా నోరు విప్పితే మాత్రం దగ్గరికి జరిగి వినండి.