డిస్క్రీట్ మ్యాథ్స్ అర్థం కాకుండా గట్టెక్కడం ఎలా?

రెండో సంవత్సరం మొదటి సెమిస్టరులో కాలు పెడుతున్న కంప్యూటర్ సైన్సు తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందస్తు సానుభూతి. కొలకలూరు స్టేషన్లో బండెక్కి తెనాలి మీదుగా బాపట్ల పోయేవాళ్లయినా, కాలేజీ బస్సు పట్టుకుని వడ్లమూడి వైపు పోయేవాళ్లయినా మీ గండం ఒకటే, డిస్క్రీట్ మ్యాథ్స్. జేఎన్‌టీయూ కాకినాడ వాళ్లు మొన్నటిదాకా దాన్ని మ్యాథమెటికల్ ఫౌండేషన్స్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్ అన్నారు. ఆర్23 సిలబస్ నుంచి డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ అండ్ గ్రాఫ్ థియరీ అంటున్నారు. పేరు మారినా సీనియర్ల జిరాక్స్ నోట్సు మారలేదు. అదే మీకు శ్రీరామరక్ష.

పుస్తకాల జోలికి పోవద్దు. ట్రెంబ్లే, మనోహర్‌ల పుస్తకం 1975 నాటిది, దాన్ని లైబ్రరీలోనే ప్రశాంతంగా ఉండనివ్వండి. రోసెన్ పుస్తకంలో బేసి అంకె లెక్కలకే వెనక జవాబులుంటాయి కాబట్టి బేసివి చూసి దించుకోండి, సరివి అసలు లేవనుకోండి. సగం పుస్తకం అప్పుడే అయిపోయింది.

మొదటి యూనిట్ లాజిక్. పీ అబద్ధమైతే 'పీ అయితే క్యూ' అనేది ఎప్పుడూ నిజమేనని టేబుల్‌లో ఉంటుంది. బట్టీ కొట్టండి, ఎందుకని అడక్కండి. అడిగితే ఏమవుతుందో చెబుతాను. "ఫస్ట్ క్లాస్ వస్తే బండి కొనిస్తా" అన్నాడు నాన్న. క్లాసు రాలేదు, బండీ కొనలేదు. ఆయన మాట తప్పలేదు. క్లాసు రాకపోయినా జాలిపడి కొనిచ్చాడు. అప్పుడూ తప్పలేదు. క్లాసు వచ్చాక ఎగ్గొడితేనే మాట తప్పినట్టు. చూశారా, ఇలా ఇంట్లో మాటలకు పెట్టి చూస్తే అర్థమైపోయే ప్రమాదం ఉంది. మీరు మాత్రం బండి వచ్చింది గనక క్లాసు వచ్చినట్టేనని ఊళ్లో చెప్పుకుని తిరగండి.

డీమోర్గాన్ సూత్రానికీ కోడింగుకీ సంబంధం లేదని గట్టిగా నమ్మండి. "హాజరు 75 శాతం కన్నా తగ్గినా, ఫీజు బాకీ ఉన్నా హాల్ టికెట్ ఇవ్వకూడదు" అన్నారనుకోండి. మరి ఎవరికి ఇవ్వాలి? హాజరు చాలినవాళ్లకు గానీ, ఫీజు కట్టినవాళ్లకు గానీ అని రాసెయ్యండి. క్లాసు మొహం చూడని వాడికి కూడా ఫీజు కడితే చాలు, హాల్ టికెట్ వచ్చేస్తుంది. కొన్ని యాజమాన్యాలకు మీ ప్రోగ్రామ్ తెగ నచ్చుతుంది కూడా.

ఇండక్షన్ చాలా తేలిక. ఒకటికి చూడండి, రెండుకు చూడండి, ఓపికుంటే ఐదుదాకా వెళ్లండి, తర్వాత 'ఇదే విధంగా' అని రాసి గీత కొట్టండి. కే దగ్గర నిజమైతే కే ప్లస్ ఒకటి దగ్గరా నిజమేనని చూపించాలంటారు గానీ, అదంతా మాస్టర్ల చాదస్తం. కావాలంటే ఒక గుండ్రం గీసి అంచు మీద చుక్కలు పెట్టండి. ప్రతి చుక్కనీ మిగతా అన్నిటితో గీతలు గీసి కలపండి. మూడు గీతలు ఒకేచోట కోసుకోకూడదు, అంతే. లోపల ఎన్ని ముక్కలయ్యాయి? ఒక చుక్కకు 1, రెండుకు 2, మూడుకు 4, నాలుగుకు 8, ఐదుకు 16. ఇంకేం కావాలి? ఆరుకు 32 అని రాసి పెన్ను మూసేయండి. ఆరో చుక్క మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు. పెడితే ఎన్నిసార్లు లెక్కపెట్టినా 31 ముక్కలే వస్తాయి, రాత్రి నిద్ర పట్టదు.

లెక్కింపు యూనిట్లో పర్ముటేషనా కాంబినేషనా అన్న సందేహం వస్తే బొమ్మా బొరుసూ వేయండి. ఈఏపీసెట్ రాసి వచ్చినవాళ్లం, తప్పుకు మార్కు కొయ్యని పరీక్షలో 160 బిట్లూ నింపి వచ్చిన ఘనులం. అక్కడ జవాబు సరిపోతే చాలు, ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. ఇక్కడ అడుగుతారు. అదొక్కటే ఈ సబ్జెక్టుతో చిక్కు.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. బడిలో తెలుగు మాస్టారు 'యమాతారాజభానసలగం' అని వల్లె వేయించారే, అది ఈ క్లాసులో గుర్తు రాకూడదు. గురువు, లఘువు రెండే గుర్తులు, మూడేసి అక్షరాలు, మొత్తం ఎనిమిది గణాలు. రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు. ఆ పది అక్షరాల్లో ఎక్కడ మొదలుపెట్టి మూడు తీసుకున్నా ఒక గణం: యమాతా య గణం, మాతారా మ గణం, చివరికి సలగం స గణం. ఏదీ రెండోసారి రాదు, ఏదీ తప్పిపోదు. పైగా మొదటి రెండక్షరాలూ చివరి రెండూ లఘువు, గురువే. అంటే తోకను తలకు అతికిస్తే చక్రం అవుతుంది. రెండక్షరాల జతలు నాలుగింటిని ఊళ్లనుకుని, గణాలు ఎనిమిదింటిని వాటి మధ్య దారులనుకుంటే, ప్రతి దారినీ ఒక్కసారే నడిచి బయల్దేరిన చోటికే చేరడమన్నమాట. 1736లో కోనిగ్స్‌బర్గ్ వంతెనల మీద ఆయిలర్ తేల్చింది ఇలాంటి లెక్కే. అక్కడ నడక కుదరలేదు, ఇక్కడ కుదిరింది. ఇదంతా తెలిస్తే గ్రాఫ్ థియరీ మీద ఇష్టం పుడుతుంది. అందుకే తెలుగు పేపరు పదో తరగతితోనే పోయిందనుకోండి.

రెండు గ్రాఫులు ఐసోమార్ఫికా కాదా అంటే డిగ్రీలు సరిపోయాయో లేదో చూసి 'అవును' అనేయండి. ఆరు శీర్షాల షడ్భుజికీ, విడివిడిగా ఉన్న రెండు త్రిభుజాలకీ డిగ్రీలన్నీ రెండే. ఒకటి ఒక ముక్క, ఇంకోటి రెండు ముక్కలు. కళ్లతో చూస్తే తెలిసిపోతుంది, కాబట్టి బొమ్మ గీయకండి.

70 మార్కుల పేపరులో పెద్ద ప్రశ్నలకు చాయిస్ ఉంటుంది గనక ఒక యూనిట్‌ను చాయిస్‌లో వదిలేయండి. చాయిస్ యూనిట్ లోపలే ఉంటే యూనిట్‌నే ఎలా వదులుతామని ఎవరైనా అడిగితే, వాళ్లకు మొదటి యూనిట్ అప్పుడే వంటబట్టిందని గ్రహించి దూరంగా కూర్చోండి.

రేపు గేట్ రాయడానికి కూర్చుంటే ఇదే సబ్జెక్టు మళ్లీ ఎదురొస్తుంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో మీరు రాసిన ప్రోగ్రామ్ చూపించి "ఇది అన్ని సందర్భాల్లోనూ పనిచేస్తుందని నీకెలా తెలుసు?" అని అడుగుతారు. తడబడకండి. "ఐదింటికి చూశాను సార్, వచ్చింది" అని చెప్పండి.