శృతి ఇచ్చి ఊరుకుంటాను

నేను పెదకాకానిలో ఓ చిన్న లూథరన్ గుడి హార్మోనియాన్ని. పెదకాకాని అనగానే జనానికి మల్లేశ్వరస్వామి, బాజీబాబా దర్గా గుర్తొస్తాయి. మా గుడి ఓ సందులో ఉంటుంది. కల్లాల్లో మిరపకాయ ఆరబోసిన రోజుల్లో ఆ ఘాటు లోపలికొచ్చి పాడేవాళ్ళకు దగ్గు తెప్పిస్తుంది. పత్తి తీతలప్పుడు చీరలకంటిన నూగు నా ఇత్తడి రీడ్ల మధ్య చేరి ఏదో ఒక స్వరం మూగబోతుంది. మాస్టారు నా పైపలక విప్పి, కోడి ఈకతో ఆ నూగు తీస్తారు.

మా వంశం 1840ల నాటి పారిస్‌లో మొదలైంది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతి తిత్తి పెట్టి, మమ్మల్ని నేలమీద కూర్చోబెట్టాడు. పాస్టర్ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరాక ఇక్కడ లూథరన్ సంఘం పుట్టింది. పురుషోత్తమ చౌదరి లాంటి వాళ్ళు రాసిన కీర్తనలతో మన రాగతాళాలు గుళ్ళలో నిలిచాయి. ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకుంటారు. ఆ పాటకు తోడుండడమే నా పని.

ఓ క్రిస్మస్ ముందు మాస్టారు మోటెట్ పాడిద్దామన్నారు. వాక్యమే పాటగా ఉంటుంది, కానీ ఒక్కో గొంతుది ఒక్కో దారి. పేరు ఫ్రెంచి భాషలో ‘మాట’ అన్న పదంలోంచి వచ్చింది. పదమూడో శతాబ్దంలో ఫ్రాన్సులో ఒకే పాటలో రెండు మూడు రకాల మాటలు ఒకేసారి పాడేవారు. లైప్జిగ్‌లో 1723 నుంచి 1750 దాకా గడిపిన బాహ్ మన లూథరన్ వాడే. అతని ఎనిమిది గొంతుల మోటెట్ ఒకటి 1789లో మొజార్ట్ విని, గొంతుల ప్రతులన్నీ తెప్పించుకుని చుట్టూ పరుచుకుని చదివాడని చెప్తారు.

మాస్టారు 117వ కీర్తన ఎంచుకున్నారు. రెండే వచనాలు. వాద్యం వద్దన్నారు. నేను సా ఒక్కటి ఇచ్చి తిత్తి మూయాలి. ముందు సొప్రానో ఆడపిల్లలు మొదలెట్టారు. వాళ్ళు నాలుగు అక్షరాలు దాటగానే ఆల్టో, ఆ వెనక టెనర్, చివర బేస్. మొదటి వారం ఒకటే గందరగోళం. బెంచీ చివరన కూచున్న అవ్వ తట్టుకోలేకపోయింది.

“ఏందయ్యా మాస్టారూ, ఒకళ్ళ మాట ఇంకొకళ్ళు మింగేస్తన్నారు! దేవుడికెట్టా ఇనపడుద్ది?”

అవ్వ అడిగింది చిన్న ప్రశ్న కాదు. పదహారో శతాబ్దంలో ట్రెంట్ సభ పెద్దలు కూడా పాటలో మాట స్పష్టంగా వినపడాలనే పట్టుబట్టారు. మన తెలుగులో ఆ చిక్కు మరీ ఎక్కువ. మాటలు పొడుగు, దీర్ఘం తప్పితే అర్థమే తప్పుతుంది. మాస్టారు రాత్రంతా కూచుని దిద్దారు. ప్రతి గొంతు తొలి మాటప్పుడు మిగతావాళ్ళు నెమ్మదించేలా, ‘స్తోత్రం’ దగ్గర మాత్రం నలుగురూ ఒక్క క్షణంలో కలిసేలా.

క్రిస్మస్ తెల్లవారుజామున నేను సా ఇచ్చాను. ఆగాను. గొంతులు విడిపోయాయి, తిరిగాయి, దగ్గరికొచ్చాయి. ‘స్తోత్రం’ దగ్గర కలిసినప్పుడు గుడి రేకులు సన్నగా మోగాయి. నా లోపలి రీడ్లు గాలి లేకుండానే అదిరాయి. అవ్వ మాట్లాడలేదు, పక్కనున్న మనవరాలి చెయ్యి పట్టుకుంది.

కీర్తనతో నేను బతుకుతాను, అది నా అన్నం. కానీ నేను నోరు మూసుకుని విన్న ఆ నాలుగు నిమిషాలకు సాటి నా జీవితంలో మరేదీ లేదు.

ఈ డిసెంబరుకి టెనర్ గొంతులు రెండు తక్కువున్నాయి. పాడగలిగినవాళ్ళు శనివారం సాయంత్రం రండి. శృతి నేనిస్తాను.