80,000 మైళ్ల మెత్తదనం

అమెరికాలో టైర్లు మార్చుకోబోయే తెలుగువాడి కోరికలు చాలా చిన్నవి. హైవే మీద డెబ్బై ఐదులో పోతున్నా వెనక సీట్లో పసిపిల్ల నిద్ర చెడకూడదు. వానలో జారకూడదు. మంచులో కూరుకుపోకూడదు. పెట్రోలు ఎక్కువ తాగకూడదు. 80,000 మైళ్లు రావాలి. నాలుగూ కలిపి ఆరువందల డాలర్లు దాటకూడదు, అందులోనూ వంద రిబేటు వెనక్కి రావాలి. ఇన్నిటినీ ఒకేసారి తీర్చే రబ్బరు ఈ భూమ్మీద లేదని అతనికి ఎవరూ చెప్పరు. పైగా ఉందనే చెబుతారు. దాని పేరు ఆల్ సీజన్ టూరింగ్ టైరు.

ఎక్కువకాలం అరగకుండా ఉండాలంటే రబ్బరు గట్టిగా ఉండాలి. తడి రోడ్డును పట్టుకోవాలన్నా, గతుకుల్ని మింగాలన్నా మెత్తగా ఉండాలి. కెమిస్టులు సిలికా కలిపి ఈ రెంటికీ రాజీ కుదిర్చిన మాట నిజమే. రాజీ అంటే చెరికాస్త వదులుకోవడం. ప్రకటనలో మాత్రం ఎవరూ ఏమీ వదులుకోరు, ఇద్దరూ గెలుస్తారు, ఆ ఇద్దరూ కలిసి సూర్యాస్తమయం వేళ కొండదారిలో ఖాళీ రోడ్డు మీద పోతుంటారు. డాలస్‌లో సాయంత్రం ఐదున్నరకు ఖాళీ రోడ్డు చూసినవాళ్లుంటే చెయ్యెత్తండి.

ప్రకటనలు వదిలేసి టైరునే అడుగుదామని దాని పక్కన గొంతుక్కూర్చుంటే సైడ్‌వాల్ నిండా రాతలే. వాటిలో ఒక వరస ప్రభుత్వం రాయించింది. ట్రెడ్‌వేర్ 740, ట్రాక్షన్ ఎ, టెంపరేచర్ ఎ. చూడగానే ప్రోగ్రెస్ కార్డు చూసిన తండ్రికి కలిగే తృప్తి కలుగుతుంది. ఆ మార్కులు ఎలా వచ్చాయో కాస్త చూడండి.

పడమటి టెక్సాస్‌లో శాన్ ఆంజెలో అని ఒక ఊరుంది. డాలస్ నుంచి నాలుగు గంటల దారి. అక్కడ 400 మైళ్ల చుట్టు ఒకటి గీసిపెట్టారు. పరీక్షకు వచ్చిన టైర్లనూ, ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన టైర్లనూ కార్లకు బిగించి ఆ చుట్టు మీద బారుగా తిప్పుతారు. మొదటి 800 మైళ్లు టైరు ఒంటికి పట్టడానికి, తర్వాత 6,400 మైళ్లు కొలతకు. ఎంత అరిగిందో చూసి, మిగిలిన ఆయుష్షు లెక్కగడతారు. ఇంతవరకూ పద్ధతిగానే ఉంది. ఆ తర్వాత సైడ్‌వాల్ మీద ఏ అంకె పడాలో రాసుకునేది ఎవరనుకున్నారు? ఆ టైరు చేసిన కంపెనీయే. పరీక్ష రాసినవాడి చేతికే ఎర్ర సిరా పెన్ను ఇచ్చి, నిజాయితీగా దిద్దుకో నాయనా అని చెప్పి వెళ్లిపోయారు. తనిఖీకి ఎవరైనా రావచ్చు కాబట్టి మరీ విచ్చలవిడిగా వేసుకోడు. కానీ ఒక కంపెనీ 600కూ ఇంకో కంపెనీ 600కూ పొంతన ఉండి తీరాలని లేదు. మనవాళ్లు మాత్రం ఎక్సెల్ షీటు తెరిచి, ధరను ట్రెడ్‌వేర్ అంకెతో భాగించి, దశాంశ స్థానాల దాకా తేల్చి పడుకుంటారు.

ట్రాక్షన్ ఎ అంటే? తడి రోడ్డు మీద తిన్నగా పోతూ చక్రం బిగుసుకుపోయేలా బ్రేకు వేస్తే ఉండే పట్టు. మలుపు లెక్కలో లేదు. నిలిచిన నీళ్ల మీద టైరు తేలిపోవడం లెక్కలో లేదు. మంచు ఊసే లేదు. టెంపరేచర్ అంటే వేగంలో పుట్టే వేడిని తట్టుకునే శక్తి. ఇక మనం దేనికోసం ఇంత దూరం వచ్చామో ఆ మెత్తదనానికి, ఆ నిశ్శబ్దానికి ఈ వరసలో ఒక్క అక్షరం కూడా కేటాయించలేదు. యూరప్‌లో 2012 నుంచి టైర్ల లేబుల్ మీద డెసిబెల్స్ అంకె ఉంటుంది కదా అని మన ఇంజనీరు మిత్రులు వెంటనే అందుకుంటారు. ఉంటుంది. కారు పోతుంటే రోడ్డు పక్కన నిలబడ్డవాడికి వినపడే చప్పుడు అది. లోపల కూర్చుని టోల్ కట్టేవాడి చెవులతో దానికి సంబంధం లేదు.

అంటే అమెరికాలో ఏ టైరునైనా స్మూత్ అనొచ్చు, అడిగేవాడు లేడు. టూరింగ్ అనొచ్చు. కాస్త ధర పెంచి గ్రాండ్ టూరింగ్ అనొచ్చు. ఆ గ్రాండ్ అనే మాటకు ఎన్ని డాలర్లో కౌంటరు దగ్గర చెబుతారు గానీ, ఎన్ని గతుకులో ఏ చట్టమూ చెప్పదు.

సరే, వాడినవాళ్లను అడుగుదాం అంటారు. వాడినవాళ్లంతా ఒకే మాట చెబుతారు: పాతవాటికీ వీటికీ పోలికే లేదన్నా, గాల్లో తేలినట్టుంది! ఎందుకు ఉండదు? పాతవి ఐదేళ్లు ఎండలో మాడి, రబ్బరు గట్టిపడి, గాడులు 32లో 2 వంతుల అంగుళానికి దిగి, అంచుల్లో ఎగుడుదిగుడుగా అరిగి, హైవే ఎక్కితే విమానం హోరు పెట్టేవి. కొత్తవాటికి 10 వంతుల గాడులు, తాజా రబ్బరు, బిగించేటప్పుడు చేసిన బ్యాలెన్సింగ్. వాటి స్థానంలో ఏ కంపెనీ టైరు వేసినా తేలినట్టే ఉంటుంది. ఆ సంబరమంతా బ్రాండు ఖాతాలో పడుతుంది. నాలుగేళ్ల తర్వాత అదే మనిషి అదే బ్రాండును తిట్టి, ఇంకో బ్రాండు కొని, మళ్లీ తేలతాడు.

దీనికి తోడు ఎవరు ఏ రోడ్డు మీద తేలుతున్నారో ఎవరూ చెప్పరు. డాలస్ చుట్టుపక్కల హైవేలు చాలా మేరకు సిమెంటువి. నీళ్లు నిలవకుండా, పట్టు కోసం వాటి మీద అడ్డంగా గీతలు గీస్తారు. టైరు వేసే కూతలో సగం ఆ గీతల పుణ్యమే. అదే కారు కొత్తగా తారు వేసిన చోటికి ఎక్కగానే ఎవరో వాల్యూమ్ తగ్గించినట్టు నోరు మూసుకుంటుంది. తారు రోడ్ల ఊళ్లో ఉన్న బావమరిది ఐదు నక్షత్రాలిచ్చిన టైరు ఇర్వింగ్‌లో ఉన్న బావగారి చెవిలో జోరీగ అవుతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. దానివల్ల బంధుత్వాలు చెడటం తప్ప ఉపయోగం లేదు.

మొన్నామధ్య ఫ్రిస్కోలో ఒక పుట్టినరోజు పార్టీ. ఆడవాళ్లు లోపల, మగవాళ్లు గరాజులో. ఈ విభజన ఏ రాజ్యాంగంలో ఉందో తెలియదు గానీ సముద్రాలు దాటినా సవరణ జరగలేదు. గరాజులో ఇంటాయన మినీ వ్యాన్, దానికి నిగనిగలాడే కొత్త టైర్లు. "పన్నెండు వందలు పోశానన్నా. కంఫర్ట్ సిరీస్. అయినా ప్రతి గతుకూ నడుములో తెలుస్తోంది," అన్నాడు. వెంటనే సభ రెండు పార్టీలుగా చీలింది. ఫ్రెంచి బ్రాండు వేయించాల్సిందని ఒక వర్గం, జపాన్‌ది వేయించాల్సిందని ఒక వర్గం.

ఆర్నెల్లు ఉండి పోదామని వచ్చిన ఇంటాయన మామగారు ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఖమ్మం డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన మెల్లగా లేచి, డ్రైవరు తలుపు తీసి, దాని చట్రం మీద అంటించిన స్టిక్కరు మీదికి వంగి, కళ్లజోడు పైకెత్తి చదివారు. 36 అని ఉంది. గాలి కొలిచేది ఉందా బాబూ అని అడిగారు. గరాజులో గోల్ఫ్ కర్రలున్నాయి, రెండు డ్రోన్లున్నాయి, గేజు లేదు. పక్కింటాయన కారులోంచి తెచ్చారు. పెట్టి చూస్తే 44.

"టైరు మీద 44 అనే ఉంది కదా మామయ్యా," అన్నాడు అల్లుడు.

"ఇది దాటొద్దని రాశారు బాబూ, ఇంత కొట్టమని కాదు. ఎంత కొట్టాలో ఈ తలుపు మీద రాశారు."

ఒక్క క్షణం గరాజు నిశ్శబ్దమైంది. తర్వాత అల్లుడు నవ్వి, "ఇక్కడి టైర్లు వేరు మామయ్యా," అన్నాడు. చర్చ ఫ్రాన్సు, జపాన్‌ల మధ్య ఆగినచోటి నుంచి మళ్లీ మొదలైంది.

ఆ పెద్దాయన ఇంకొకటి కూడా చూశారు గానీ మర్యాదకు ఊరుకున్నారు. ఆ వ్యాన్‌కు 20 అంగుళాల రిమ్ములు. అదే మోడల్‌లో చౌక రకానికి 235/65 ఆర్ 17 టైర్లు వస్తాయి, ఖరీదైన రకానికి 235/50 ఆర్ 20. అరవై ఐదు, యాభై అంటే టైరు వెడల్పులో గోడ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకెలు. గుణించి చూడండి. మొదటిదానికి గోడ ఎత్తు 153 మిల్లీమీటర్లు, రెండోదానికి 118. జానెడులో సగం. గతుకును ముందుగా మింగేది ఆ గోడ, దాని లోపలి గాలి. మనిషి షోరూములో వేల డాలర్లు ఎక్కువ పెట్టి ఆ 35 మిల్లీమీటర్ల మెత్తదనాన్ని తీయించేసుకున్నాడు, ఫొటోలో రిమ్ము బాగుంటుందని. ఇప్పుడు టైర్ల దుకాణంలో ఇంకో పన్నెండు వందలు పెట్టి దాన్ని వెనక్కి కొనుక్కోవాలని చూస్తున్నాడు. అక్కడ అది దొరకదు. కంఫర్ట్ అనే మాట దొరుకుతుంది.

గాలి విషయంలో మనవాళ్ల వైరాగ్యం అమెరికా వచ్చాకే ఎందుకు ముదురుతుందో నాకు అర్థం కాదు. హైదరాబాద్‌లో పెట్రోలు బంకులో ఆగితే గాలి కుర్రాడు ఎంత కొట్టమంటారు సార్ అని అడిగేవాడు, ముప్పై రెండు అనో ముప్పై మూడు అనో చెప్పేవాళ్లం, పది రూపాయలు చేతిలో పెట్టేవాళ్లం. ఇక్కడ అడిగేవాడు లేడు కాబట్టి టైరుకు గాలి అవసరం లేదు. డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగినప్పుడు చూద్దాం. ఆ దీపం ఊరికే రాలేదు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ల మీద ఫైర్‌స్టోన్ టైర్లు చీలి, కార్లు పల్టీలు కొట్టి, ఎందరో చనిపోయాక, 2000లో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిపించాక చేసిన చట్టం తెచ్చిన దీపం అది. 2008 మోడళ్ల నుంచి ప్రతి కారుకూ తప్పనిసరి. కానీ గాలి ఉండాల్సినదానికంటే పాతిక శాతం పడిపోతే గానీ వెలగాలని నిబంధన లేదు. 36 ఉండాల్సిన చోట 28 ఉన్నా అది నిద్రపోవచ్చు. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు పడిపోతే ఒక పీఎస్ఐ దానంతటదే తగ్గుతుంది. నవంబరులో తొలి చలి పొద్దున కార్లన్నిటికీ దీపాలు వెలుగుతాయి, మనవాళ్లు సెన్సార్ పోయిందని సర్వీసుకు ఫోన్ చేస్తారు.

కౌంటరు దగ్గర మాత్రం గాలి మీద భక్తి పొంగుతుంది. నైట్రోజన్ నింపమంటారా సార్ అనగానే తల ఊపుతాం. ఊరికే వచ్చే గాలిలో 78 శాతం అదే. మిగతా దానికి డబ్బు కట్టి ఆకుపచ్చ మూతలు తెచ్చుకుంటాం. ఆ తర్వాత 80,000 మైళ్ల వారంటీ కాగితం. చిన్న అక్షరాలు చదవండి. చాలా కంపెనీల వారంటీ కొన్న ఆరేళ్లకు సరి. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగేవాడికి ఆరేళ్లకు 72,000. మిగతా ఎనిమిది వేల మైళ్లు పుణ్యానికి. ముందే అరిగిపోతే, ఇన్నివేల మైళ్లకొకసారి టైర్లు ముందూ వెనకా మార్పించినట్టు రసీదులన్నీ చూపిస్తే, వాడుకున్నంత కోసుకుని మిగతాది ఇస్తారు. చేతికి కాదు, వాళ్ల దగ్గరే ఇంకో టైరు కొంటే అందులో తగ్గిస్తారు. ఇంటి నుంచి పనిచేస్తూ వారానికోసారి కూరగాయలకు పోయేవాడు ఈ 80,000 కోసం గట్టి రబ్బరు ఎంచుకుని, తర్వాత గతుకులు తెలుస్తున్నాయంటాడు.

ఎనభై వేల గురించి అడిగినవాడు ఆ టైరు పుట్టినరోజు అడగడు. అది సైడ్‌వాల్ మీదే డీఓటీ వరస చివర నాలుగంకెల్లో ఉంటుంది. 3523 అంటే 2023లో 35వ వారం. భారీ డిస్కౌంటు చూసి మురిసిపోయే ముందు ఆ నాలుగంకెలు చూస్తే పోయేదేమీ లేదు. బిగించాక అలైన్‌మెంట్ చేయిస్తే, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తలుపు మీది అంకెకు గాలి సరిచూస్తే, మధ్యరకం ఏ టైరైనా ఐ-35 మీద పిల్లను నిద్రపుచ్చుతుంది. ఇది మరీ చౌక సలహా కాబట్టి ఎవరూ నమ్మరు.

ఇక పేరులోని సీజన్లు మిగిలాయి. 1977లో గుడ్‌ఇయర్ టియెంపో అనే ఆల్ సీజన్ రేడియల్ తెచ్చింది. అంతకు ముందు ఉత్తరాది రాష్ట్రాలవాళ్లు చలికాలం రాగానే మంచు టైర్లు బిగించి, వసంతంలో విప్పి గరాజులో పేర్చుకునేవాళ్లు. ఆ చాకిరీ తప్పింది, కాదనను. కానీ టైరు మీద ఎమ్ ప్లస్ ఎస్ అని ఉండే ముద్ర ఉందే, బురదకూ మంచుకూ పనికొస్తుందని చెప్పేది, దానికి గాడుల ఆకారం కొలతకు సరిపోతే చాలు. టైరు మంచు మొహం చూడనక్కర్లేదు. 1999లో మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు ఉన్న ఇంకో ముద్ర తెచ్చారు. దానికి నిజంగానే మంచు మీద పరీక్ష పెట్టారు. అమెరికా పద్ధతిలో ఆ పరీక్ష కారు ముందుకు కదలడం గురించి, ఆగడం గురించి కాదు. క్రిస్మస్ సెలవుల్లో కొలరాడో కొండల మీద ఐ-70 ఎక్కితే ఎమ్ ప్లస్ ఎస్ ఉండి గాడులు తగినంత ఉంటే పోనిస్తారు. అదే టైరుతో డిసెంబరులో కెనడాలోని క్యుబెక్‌లో కారు రిజిస్టరు చేసుకుని తిరిగితే జరిమానా. అక్కడ 2014 నుంచి కొండ ముద్ర లేనిది చలికాలపు టైరే కాదు.

ఈ ఇబ్బందికి కంపెనీలు పరిష్కారం కనిపెట్టాయి. ఈమధ్య దుకాణాల్లో ఆల్ సీజన్ పక్కనే ఆల్ వెదర్ అని ఇంకో వరస పెట్టారు. కొండ ముద్ర ఉంటుంది, ధరా ఉంటుంది. ఈ రెంటికీ తేడా ఏమిటని కౌంటరు కుర్రాడిని అడిగాను.

"ఆల్ వెదర్ అన్ని సీజన్లకూ వస్తుంది సార్."

"మరి ఆల్ సీజన్?"

"అది చలికాలం తప్ప, సార్."