సారుకు మాటలొచ్చే రోజులు

రామగుండం బొగ్గుబెల్టులో ఏదో ఓపెన్‌కాస్ట్ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతోందనుకోండి. షామియానా, కూలర్లు, రైతులకన్నా ముందే వచ్చి కూర్చున్న పోలీసులు. తెర మీద కంపెనీ సారు వేసిన స్లైడు, చీమల బారులాంటి అక్షరాలు. బ్లాస్టింగ్ అదురు 8 హెర్ట్జ్ లోపయితే సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు, 25 హెర్ట్జ్ పైనయితే 15 వరకు ఫర్వాలేదు. లెక్కలో తప్పేం లేదు. ఊళ్లోని ఇళ్లకు గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో పెట్టిన హద్దులే అవి.

"మా గోడ పగిలింది గద సారూ," అంటుంది ముందు వరుసలో అవ్వ.

"అది ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటదమ్మా," అంటారు సారు.

అవ్వ కూర్చుంటుంది. గోడ మాత్రం ఒప్పుకోదు.

తర్వాతి స్లైడు దుమ్ము. ఘనపు మీటరు గాలిలో సన్న ధూళి (పీఎం10) 24 గంటల సగటున 100 మైక్రోగ్రాములు మించరాదు. "మా పత్తి మీద పడ్డది గుడ అండ్ల కలిపిన్రా?" అని ఓ రైతు. మంచి ప్రశ్న. స్లైడు మారుతుంది.

స్థానిక భాషలో సారాంశం ఇవ్వాలని 2006 పర్యావరణ నోటిఫికేషన్ చెప్పింది కదా అంటారా? ఇచ్చారు. 'ప్రతికూల ప్రభావాల న్యూనీకరణకు ఉపశమన చర్యలు' అని. పెద్దపల్లి జిల్లాలో ఈ భాష ఏ ఊళ్లో మాట్లాడతారో నాకింకా దొరకలేదు.

పాపం, సారుకు చెప్పడం రాదనుకుంటే పొరపాటే. మైన్స్ ఇన్‌స్పెక్టర్ ముందు ఆయన్ను చూడాలి. 1952 గనుల చట్టం 22వ సెక్షన్ కింద ఒక్క కాగితంతో పని ఆపించగల మనిషి ఎదురుగా ఉంటే ప్రతి మాటా కొలిచినట్టు వస్తుంది. హైదరాబాదులో మంత్రిగారి ముందు నలభై స్లైడులూ ఒక్క ఫొటో, ఒక్క టన్నుల అంకె అయిపోతాయి. ఎవరికి భయపడాలో తెలిసినవాడికి ఎవరికెలా చెప్పాలో వేరే శిక్షణ ఎందుకు?

అదే బొగ్గుబాయి లోపల, కూలీల భద్రత చూసే సర్దార్‌కు లేజరు చుక్క ఉండదు. కర్రతో కప్పును కొట్టి వినిపిస్తాడు. గట్టిగా మోగితే సరే. బోలుగా మోగితే "ఎన్కకు జరుగున్రి" అంటాడు. ఒక్కరు కూడా సందేహం అడగరు. 2003 అక్టోబరులో గోదావరిఖని 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది పోయిన గడ్డ ఇది. పైగా కూలితే ఆ కప్పు విన్నవాళ్లతో పాటు చెప్పినవాడి మీదా పడుతుంది. సారు స్లైడు పడేది తెర మీదే.

ఇక కంపెనీ లాభాల్లో కార్మికుల వాటా ప్రకటించే రోజు. ఒక్క శాతం అంకె, ఒక్క తేదీ. జనరల్ మజ్దూర్ నుంచి మేనేజర్ దాకా అరనిమిషంలో అర్థమైపోతుంది. సాయంత్రానికల్లా గోదావరిఖని చౌరస్తాలో ఫ్లెక్సీలు లేస్తాయి, ఆ శాతం సాధించింది తామేనని ప్రతి యూనియనూ. అక్షరాల సైజు విషయంలో మాత్రం సారు వాళ్ల దగ్గర కొన్నాళ్లు అప్రెంటిస్‌గా చేరాలి.