అచ్చుతప్పుల ఆసామి

సర్కారు తప్పు చేసిందని అనని మనిషి మన ఊళ్లలో దొరకడు. టీ బడ్డీ దగ్గరా అదే మాట, ఆర్టీసీ బస్సులోనూ అదే మాట. రుజువేదీ అంటే మాత్రం సంభాషణ క్రికెట్ మీదికి మళ్లుతుంది. రుజువును జేబులో వేసుకు తిరిగేవాడు ఒక్కడే, చిల్లరలో ఎర్రర్ కాయిన్లు వెతికే ఆసామి. కొట్టువాడు రెండు రూపాయల బిళ్ల ఇస్తే ఎవరైనా జేబులో పడేస్తారు. ఈయన దాన్ని వెలుతురుకు తిప్పి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, విచారణ మొదలుపెడతాడు. వెనక నిలబడ్డవాళ్లు 'ఎంత పిసినారి!' అనుకుంటారు. అది అన్యాయం. ఆయన ఆశ డబ్బు మీద కాదు, సర్కారు తన సింహాల ముద్ర తానే వేసి మరీ ఇచ్చిన తప్పు మీద.

ఆయన పద్ధతి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. సింహాలను నిటారుగా నిలబెట్టి, బిళ్లను పుస్తకంలో పేజీలా పక్కకు తిప్పుతాడు. మన నాణేల రెండు ముఖాలూ ఒకే దిక్కుకు నిలబడాలి. వెనక అంకె వాలిపోయి ఉంటే అచ్చుదిమ్మె తిరిగిపోయిందన్నమాట. రెండు వైపులా ఒకే బొమ్మ, అందులో ఒకటి తిరగబడి లోపలికి దిగి ఉంటే ఆయనకు పండగే. ముందు అచ్చయిన నాణెం దిమ్మెకు అంటుకుపోయి, తర్వాతి బిళ్ల మీద తన ముద్రే వేసిందని అర్థం. సంవత్సరం కింద నక్షత్రం కనిపిస్తే 'మన చర్లపల్లి మింటుదే!' అని ఛాతీ పొంగుతుంది. చుక్కుంటే నోయిడా, వజ్రమైతే ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. అంచు వంపుగా తెగి ఉంటే వెంటనే సంబరపడడు. నిజంగా మింటులోనే తెగితే సాధారణంగా దానికి సరిగ్గా ఎదుటి అంచు కూడా పలచబడుతుంది. అది లేకపోతే ఎవరో ఆకురాయి పట్టారని అనుమానిస్తాడు. రైలు పట్టా మీద నలిగిన బిళ్ల తెచ్చినవాడికి 'ఇది మింటు తప్పు కాదు, మీ అబ్బాయి తప్పు' అని తీర్పు చెప్పి పంపేస్తాడు.

లక్షలు వస్తాయనే ఇదంతా అంటారు కొందరు. లక్షల ఆశపరుడు వేరే ఉన్నాడు. వైష్ణోదేవి బొమ్మున్న అయిదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామంటే నమ్మి, ముందుగా 'ఫీజు' కట్టేది వాడు. పాత నాణేలు కొంటామంటూ తన పేరుతో కమిషన్లు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది కూడా. మన ఆసామి ఆ వలలో పడడు. వైష్ణోదేవి బిళ్ల మింటు కావాలని వేసిన ఒప్పు, ఒప్పుతో ఆయనకు పనిలేదు. పది రూపాయల బిళ్ల మీద గీతలు పదా, పదిహేనా అని లెక్కపెట్టి కొట్లవాళ్లు తిప్పికొట్టిన రోజుల్లోనూ ఆయన నిశ్చింతగా అన్నీ పుచ్చుకున్నాడు. 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. డిజైను మారడం వేరు, అచ్చు తప్పడం వేరని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పొద్దస్తమానం తప్పులు వెతికితే మనసు పుల్లబడదా అన్నది ఇంకో ఆక్షేపణ, అదీ ఎక్కువగా ఇంట్లోంచే. తమాషా ఏమిటంటే, డబ్బాల కొద్దీ చిల్లర జల్లెడపట్టినా ఆయనకు దొరికేవి ఒకటో రెండో. మిగతావన్నీ ఒప్పేనని బిళ్లబిళ్లా చూసి ఒప్పుకున్నవాడు దేశంలో ఆయనే. మింటు అధికారులకు ఇంతకన్నా గట్టి యోగ్యతాపత్రం ఎవరిస్తారు? ఆయన్ని నిజంగా కుంగదీసింది క్యూఆర్ కోడ్. నాణెంలో తప్పు పడితే రెండు రూపాయల బిళ్లకు రెండు రూపాయల కన్నా ఎక్కువ పలుకుతుంది. ఫోన్లో తప్పు పడితే ఉన్నదీ పోతుంది.