చెరిపేసిన గాజులు

2012లో నేనొక ఆడమనిషి చేతికున్న గాజులు చెరిపేశాను. కంప్యూటర్ మీద, ఫొటోషాప్‌లో, క్లోన్ స్టాంప్‌తో. నలభై నిమిషాలు పట్టింది. గాజు పక్కన చర్మం మీద సన్నని నీడ పడుతుంది చూడండి, దాన్ని కూడా మిగలనివ్వలేదు. అయ్యాక మా లీడ్‌ని పిలిచి చూపించాను. ఆయన జూమ్ చేసి, అటూ ఇటూ జరిపి, “అతుకు ఎక్కడుందో కనిపెట్టలేకపోతున్నా” అన్నాడు. ఆ మాటతో నాకు కడుపు నిండిపోయింది.

అప్పుడు మాదాపూర్‌లో ఒక గేమ్ ఆర్ట్ స్టూడియోలో టెక్స్చర్ ఆర్టిస్టుగా చేసేవాణ్ణి. గేములు మావి కావు. విదేశంలో ఏదో కంపెనీ గేమ్ తీస్తుంది. అందులో గోడలకీ, పీపాలకీ, తుపాకులకీ, మనుషులకీ పైతొడుగు వేసే పని మాకొస్తుంది. గేమ్‌లో మనిషి మొదట బోసి బూడిదరంగు బొమ్మ. వాడి ఒంటిని, మేకతోలు వలిచి నేల మీద పరిచినట్టు, చదునుగా విప్పుతారు. 2048 పిక్సెళ్ళ చదరం అది. దానిమీద చర్మం, మచ్చలు, మురికి, గాయాలు వేసి మళ్ళీ బొమ్మకి చుట్టేస్తే మనిషి తయారవుతాడు. చేత్తో వేస్తే వారం పడుతుంది. ఫొటోలోంచి కోసి అతికిస్తే రెండు రోజులు. గోడ కావాలంటే గోడ ఫొటో, తుప్పు కావాలంటే తుప్పు ఫొటో. నా తప్పు ఈ అలవాటు పక్కనే పుట్టింది. అలా అని అలవాటు నెత్తిన రుద్దను.

ఆ గేమ్‌లో కాలిపోయిన శత్రువులు మంటల్లోంచి లేచి మీదకొస్తారు. ఆడేవాడు వాళ్ళని కాల్చి పడెయ్యాలి. నేను చేత్తో వేసిన చర్మం రెండుసార్లు వెనక్కొచ్చింది. రెండోసారి క్లయింట్ రాసింది ఒక్క మాట: ప్లాస్టిక్‌లా ఉంది. నాకు ఇరవై నాలుగేళ్ళు. తెనాలిలో అమ్మ తన గొలుసు తాకట్టు పెట్టి నన్ను అమీర్‌పేట కోర్సులో చేర్పించింది. ఆ ఒక్క మాటకే నన్ను ఇంటికి పంపేస్తారని భయం పట్టుకుంది. సోమవారంలోగా మళ్ళీ పంపాలి.

ఆదివారం కోఠీ వెళ్ళాను. అక్కడ పాత మెడికల్ పుస్తకాలు దొరుకుతాయని అందరికీ తెలుసు. ఫుట్‌పాత్ మీద ఒక ఫోరెన్సిక్ మెడిసిన్ పుస్తకం కనిపించింది. అట్ట ఊడింది, మార్జిన్లలో ఎవరో విద్యార్థి పెన్సిల్ గీతలున్నాయి. నూట యాభై రూపాయలు. కాలిన గాయాల అధ్యాయంలో ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. నలుపు తెలుపు ఫొటో. నడుము నుంచి పైకి ఒక స్త్రీ శవం. కళ్ళ మీద నల్లటి పట్టీ అచ్చేశారు. చేతులు మోచేతుల దగ్గర ముడుచుకుని, పిడికిళ్ళు పైకి లేచి ఉన్నాయి. అంత వేడికి కండరాలు బిగుసుకుపోయి చేతులు అలా లేస్తాయి, చూసేవాళ్ళకి ఎవరితోనో కలబడుతున్నట్టు కనిపిస్తుంది. ఎడమ మణికట్టుకి మట్టిగాజులున్నాయి. నాలుగు.

నేను అక్కడ మనిషిని చూడలేదు అని పదేళ్ళు చెప్పుకున్నాను. చర్మం ఎలా బొబ్బలెక్కిందో, ఎక్కడ పగిలిందో, ఆ పగులు అంచు ఎలా పైకి లేచిందో, అంతే చూశానని. అందులో నిజం లేకపోలేదు. మా పనికి నలుపు తెలుపు ఫొటో ఒక వరం. చర్మంలో ఎత్తుపల్లాలు చూపే మ్యాప్‌కి రంగు అక్కర్లేదు, వెలుగూ చీకటీ చాలు. స్కాన్ చేసి, అచ్చు చుక్కలు పోయేలా కాస్త మసకబరిచి, మళ్ళీ పదునెక్కించాను. ఒక వైపు నుంచి పడ్డ ఫ్లాష్ వెలుగును చదును చేశాను. తర్వాత రంగులు వేశాను. మాడిన చోట నలుపులో కొద్దిగా నీలం, పగుళ్ళలో ఎరుపు, వాటి చుట్టూ పసుపు కలిసిన తెలుపు. గాజులు శత్రువుకి నప్పవు కాబట్టి తీసేశాను. కళ్ళ పట్టీ కూడా తీసేసి, కింద రెప్పలు నేనే గీశాను. ఎవరో డాక్టరు ఆ అమ్మాయి మీద కప్పిన ఆ కాస్త గుడ్డనీ నేను లాగేసినట్టే. ఆ రోజు అలా అనిపించలేదు.

మంగళవారం క్లయింట్ మెచ్చుకుంటూ జవాబిచ్చాడు. గేమ్ విడుదలైంది. పండక్కి ఊరెళ్ళినప్పుడు లాప్‌టాప్‌లో అమ్మకి చూపించాను. “ఇదంతా నువ్వే వేశావా నాన్నా” అని పక్కింటి పిన్నిని కూడా పిలిచింది.

2022లో ఒక వార్త మా రంగంలో అందరి నోళ్ళలో నానింది. అమెరికాలోని వాల్వ్ కంపెనీ 2004 నవంబరులో విడుదల చేసిన హాఫ్ లైఫ్ 2 అనే గేమ్‌లో కాలిపోయిన శవం బొమ్మ ఒకటుంది. ఫైల్ పేరు కార్ప్స్01. దాని మొహం వైద్య పుస్తకంలో అచ్చయిన నిజమైన మృతుడి ఫొటో నుంచి తీసుకున్నదని పద్దెనిమిదేళ్ళకి బయటపడింది. ఆ గేమ్‌ని నేను తెనాలి నెట్ సెంటర్‌లో గంటకి ఇంతని కట్టి ఆడాను. ఆ శవాన్ని చూశాను, దాటి వెళ్ళిపోయాను. అదే బొమ్మ గ్యారీస్ మాడ్ అనే ఇంకో గేమ్ ఆడే పిల్లల చేతుల్లోకీ వెళ్ళింది. కుర్చీలో కూర్చోబెట్టారు, బెలూన్లు కట్టారు, మేడ మీద నుంచి తోశారు. అది ఒక మనిషి మొహమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఆ వార్త వచ్చిన రోజు లంచ్‌లో నేనే అందరికంటే గట్టిగా మాట్లాడాను. అంత పెద్ద కంపెనీకి ఆ మాత్రం బుద్ధి ఉండొద్దా, ఆ మనిషికి ఇంటివాళ్ళు ఉండరా అని. నలుగురూ తలలూపారు. సాయంత్రం మెట్రోలో నిలబడి ఉన్నాను. రైలు రాయదుర్గం వదిలిందో లేదో, ఆ నాలుగు గాజులు గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళలో అవి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. మధ్యాహ్నం నేనన్న మాటలన్నీ నాకే వినిపిస్తుంటే దిగాల్సిన స్టేషను దాటిపోయాను.

తర్వాత కొన్ని నెలలు ఇలాంటివి వెతుక్కుని చదివాను. తోడు దొంగలు దొరికితే బరువు తగ్గుతుందని కాబోలు. 2007లో వచ్చిన బయోషాక్ గురించి చదివినప్పుడు మాత్రం బరువు పెరిగింది. ఆ గేమ్‌లో వికృతమైన మొహాలతో తిరిగే శత్రువులున్నారు. వాళ్ళని రూపొందించినవాళ్ళు మొదటి ప్రపంచ యుద్ధంలో మొహాలు ఛిద్రమైన సైనికుల ఆస్పత్రి ఫొటోలు చూసి గీశారు. లండన్ శివార్లలో సిడ్‌కప్ అనే చోట 1917లో అలాంటి సైనికుల కోసమే ఆస్పత్రి తెరిచారు. హెరాల్డ్ గిల్లీస్ అనే సర్జన్ తన బృందంతో అక్కడ ఐదువేల మందికి పైగా మొహాలు మళ్ళీ కట్టే ప్రయత్నం చేశాడు. ఈనాటి ప్లాస్టిక్ సర్జరీకి చాలావరకు అక్కడే పునాది పడింది. ప్రతి రోగికీ ఫొటోలు తీయించి దాచాడు. సుజానా బియర్నాఫ్ అనే కళా చరిత్రకారిణి 2011లో రాసిన వ్యాసంలో, బయోషాక్‌లోని ఒక శత్రువు మొహం హెన్రీ లమ్లీ అనే వ్యక్తిదని గుర్తుపట్టింది.

లమ్లీ బ్రిటిష్ సైన్యంలో విమానం నడపడానికి శిక్షణ పొందినవాడు. 1916లో విమానం కూలి మొహమంతా కాలిపోయింది. గిల్లీస్ అతని ఛాతీ మీద చర్మం తీసి మొహం మొత్తానికి ఒకేసారి అతికించాలని చూశాడు. ఆ చర్మం నిలవలేదు, కుళ్ళింది. 1918 మార్చిలో లమ్లీ చనిపోయాడు. గిల్లీస్ ఆ సంగతి దాచలేదు. 1920లో అచ్చయిన తన పుస్తకంలో, లోపం లేని ఫలితం రావాలన్న తన ఆశే రోగి తట్టుకోగలడా లేదా అన్న వివేచనను మింగేసిందని ఒప్పుకున్నాడు. అదే పుస్తకంలో లమ్లీ ఫొటోలున్నాయి. ఇక ముందు ఇంకొకరికి ఇలా జరగకూడదని అచ్చేసిన ఫొటోలు అవి. దాదాపు తొంభై ఏళ్ళకి అదే మొహం జనం కాల్చి ఆనందించే బొమ్మయింది.

నేను చాలా సేపు ఆ సర్జన్ దగ్గరే ఉండిపోయాను. ఆయన కోరిన అతుకు కనబడని పనే నేనూ కోరాను. ఆయనది ఒక మనిషికి మొహం ఇవ్వాలన్న తపన. నాది క్లయింటు ప్లాస్టిక్ అనకూడదన్న తపన. అయినా ఆయన తప్పును పేరు పెట్టి పుస్తకంలో రాసుకున్నాడు. నేను లంచ్ టేబుల్ దగ్గర ఇంకొకర్ని తిట్టాను.

పాత హార్డ్ డిస్కు అలమరలో ఉంది. ఒక రాత్రి తీసి పెట్టాను. ఫైలు తెరుచుకుంది. ముప్పై ఒక్క లేయర్లు. పక్కన కంటి గుర్తులు నొక్కుతూ పైనుంచి ఒక్కొక్కటీ ఆపుకుంటూ వచ్చాను. మురికి పోయింది. ఎరుపు పోయింది. నేను గీసిన రెప్పలు పోయాయి, పట్టీ వచ్చింది. గాజులు వచ్చాయి. అన్నిటికంటే అడుగున స్కాన్ చేసిన పేజీ అలాగే ఉంది.

ఫొటోషాప్‌లో బొమ్మను చదరం బయటికి జరిపితే కనబడదు గానీ, చెరిగిపోదు. దాచినదంతా చూపించమని ఒక మీట ఉంటుంది. అది నొక్కాను. ఫొటో కింద అచ్చేసిన రెండు లైన్లు పైకొచ్చాయి. వయసు 23. పెళ్ళయి రెండేళ్ళు. స్టవ్ పేలిందని అత్తింటివారి వాంగ్మూలం.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ రెండు లైన్లు ఆ రాత్రి నాకు కొత్త కాదు. కోఠీ ఫుట్‌పాత్ మీద నిలబడే చదివాను. అర్థమైంది కూడా. మా తరంలో స్టవ్ పేలడం అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే స్కాన్ చేశాక ఆ లైన్లను చదరం బయటికి జరిపాను. లీడ్ చూస్తే ఏమంటాడో అని. అంటే ఏదో అనాల్సింది ఉందని నాకు తెలుసు. మనిషిని చూడలేదని పదేళ్ళు చెప్పుకున్నది అబద్ధం.

ఇలాంటి చావుల కోసమే 1986లో వరకట్న మరణం శిక్షాస్మృతిలో 304బి సెక్షనుగా చేరింది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడమనిషి అనుమానాస్పదంగా చనిపోతే విచారణ, పోస్ట్‌మార్టం అంతకు మూడేళ్ళ ముందే తప్పనిసరి చేశారు. గొంతులోపల మసి ఉందా అని డాక్టర్లు చూస్తారు. ఉంటే, మంట అంటుకునేటప్పటికి ఆమె ఊపిరి తీస్తోందని అర్థం. ఫొటో తీస్తారు. ఇంట్లో తన మాట వినేవాళ్ళు లేని పిల్ల తరఫున మాట్లాడటానికి చివరికి మిగిలేవి ఆ కాగితాలూ, ఆ ఫొటోలే. అలాంటి ఫొటోని తెచ్చి, పిడికిళ్ళెత్తి మనమీదకొచ్చే శత్రువుగా మార్చాను. ఆ గేమ్ ఎందరు ఆడారో, ఆమెను ఎన్నిసార్లు కాల్చారో.

పాత క్లయింట్‌కి ఉత్తరం రాశాను. ఆ గేమ్ హక్కులు వేరేవాళ్ళకి అమ్మేశామని రెండు వాక్యాల్లో జవాబొచ్చింది. ఆ వేరేవాళ్ళకీ రాశాను. జవాబు లేదు. గేమ్ ఫైళ్ళు విప్పి తీసి వాడుకునేవాళ్ళు లోకమంతా ఉంటారు. నేను పంపిన చర్మం ఇప్పుడు ఎన్ని బొమ్మలకి చుట్టి ఉందో నా చేతిలో లేదు.

కిందటేడు మా కొత్త స్టూడియోలో మళ్ళీ కాలిన చర్మం అవసరమైంది. ఇప్పుడు లీడ్‌ని నేను. కొత్తగా చేరిన కుర్రాడు యుద్ధంలో పోయినవాళ్ళ ఫొటోలు ఒక ఫోల్డర్ నిండా తెచ్చి, “సర్, రియల్ రిఫరెన్స్” అన్నాడు. కళ్ళలో అదే ఉత్సాహం. నాది గుర్తొచ్చి గొంతు పట్టేసింది. మోర్టల్ కాంబాట్ 11 అనే గేమ్‌కి పనిచేసిన ఒకరు ఇలాంటి ఫొటోలూ వీడియోలూ చూసి చూసి, కలలకి భయపడి నిద్రపోవడమే మానేశానని 2019లో ఒక వెబ్‌సైట్‌కి చెప్పిన సంగతి వాడికి చెప్పాను. నీకూ అలా అవుతుందని కాదు, ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ళు మనల్ని అడగలేరు, అందుకని వద్దు అన్నాను. నా సంగతి మాత్రం చెప్పలేకపోయాను. ఇదిగో, ఇలా రాస్తున్నాను.

ఆ శనివారం అమ్మ ఇంట్లో ఉంది. వంకాయ పచ్చడికని గుండ్రటి వంకాయలు గ్యాస్ మంట మీద కాలుస్తోంది. తొక్క ఉబ్బి, పగిలి, అంచులు పైకి లేచి, లోపల తడి మెరుస్తోంది. కెమెరా తెచ్చి పక్కనుంచి దీపం పెట్టి ఫొటోలు తీశాను. కాచిన పాల మీద మీగడ తీసి నల్లపళ్ళెం మీద పరిచి అదీ తీశాను. ఈ రెండింటితో చేసిన చర్మాన్ని క్లయింట్ మొదటిసారికే ఒప్పుకున్నాడు. నాకు సంతోషం కలగలేదు. 2012లో కూడా వంకాయలున్నాయి.

పచ్చడి నూరుతూ అమ్మ, “ఆ బొమ్మలకి వంకాయెందుకురా” అని అడిగింది. చెప్పాను. ఇప్పటిదే కాదు, అప్పటిదీ చెప్పాను. పక్కింటి పిన్నిని పిలిచి చూపించిన బొమ్మ ఏమిటో చెప్పాను. వయసూ, పెళ్ళీ, స్టవ్వూ అన్నీ. అమ్మ రోకలి పక్కన పెట్టేసింది.

“చేతికున్న గాజులు తీసేశావా?” అంది.

“ఫొటోలోనే అమ్మా.”

“పిల్ల చచ్చిపోయినా చేతికి నిలబడ్డ గాజులురా అవి.”

నేనేమీ అనలేదు. కాసేపటికి తనే అడిగింది.

“ఏ రంగువి?”

మాడిన చర్మానికి ఏ రంగులు వాడానో, ఎంతెంత పాళ్ళలో కలిపానో ఇప్పుడడిగినా చెప్పగలను. ఫొటో నలుపు తెలుపు. గాజుల రంగు నాకు తెలియదు.