యాభై తొమ్మిదో సెకనుకు టీకా తాత్పర్యం

మూలం: “ఏకధాటిగా చేయు వీడియో రికార్డింగు గరిష్ఠముగా 29 నిమిషముల 59 సెకన్లకు పరిమితము చేయబడినది.”

అవతారిక: కాంపాక్ట్ డిజిటల్ కెమెరాల మాన్యువళ్లలో, స్పెసిఫికేషన్ల పట్టిక అడుగున, నక్షత్రం గుర్తు పక్కన, భూతద్దం కోరే అక్షరాల్లో ఉంటుంది ఈ సూత్రం. కారణం చెప్పకుండా శాసించే వాక్యాన్ని ఆలంకారికులు ప్రభుసమ్మితం అన్నారు. వేదం అలా మాట్లాడుతుంది; దానికి చెల్లింది. బిల్లు కట్టించుకుని, వారంటీ కార్డు మీద ముద్ర వేసి ఇచ్చిన వస్తువు కూడా అదే గొంతు పెడితే టీకాకారుడు గంటం తీయక తప్పదు.

ప్రతిపదార్థం: సులువు గనుక వదిలేస్తున్నాను. మెదక్ సీమ కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు సంజీవని రాశాడు. ఆ ఒట్టులో మొదటి సగం నేనూ పెట్టుకుంటున్నాను. రెండో సగం ఎక్కడ తప్పానో చదువరులకు తెలుస్తూనే ఉంటుంది.

అన్వయం: “చేయబడినది” అన్నారు. చేసిందెవరు? కర్మణి ప్రయోగం చాటున కర్త నక్కాడు. అతణ్ణి అధ్యాహారం చేసుకోవడమే ఇక్కడ వ్యాఖ్యాతకు పని. ఇందులో మూడు మతాలున్నాయి.

మొదటివారు ఉష్ణవాదులు. కెమెరా ఒళ్లు చిన్నది, లోపల ఫ్యాను లేదు, సెన్సారూ ప్రాసెసరూ కాగిపోతాయి, అందుకే ఆపుతుంది అంటారు. కాగడం అబద్ధం కాదు. 2015లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 4 ఫోర్‌కే వీడియోను సుమారు 5 నిమిషాలకే ఆపేసేది. కానీ మే నెల రాజమండ్రిలోనూ, జనవరి ఊటీలోనూ సరిగ్గా ఒకే సెకనుకు వచ్చే వేడిని ఏ శాస్త్రమూ ఒప్పుకోదు.

రెండోవారు బైటువాదులు. మెమరీ కార్డు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే ఒక ఫైలు 4,294,967,295 బైట్లు దాటలేదు, అంటే 4 గిగాబైట్లకు ఒక బైటు తక్కువ. 2008 నాటి కానన్ 5డీ మార్క్ 2 ఫుల్ హెచ్‌డీలో దాదాపు 12 నిమిషాలకే ఆ గోడకు తగిలేది. సరే. మరి ఒక ఫైలు నిండగానే ఇంకొకటి తెరిచి సాగిపోయే కెమెరాలు ఉన్నాయి కదా? 2009లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌సీ కార్డుల ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ గోడే లేదు కదా? పైగా బైట్లను లెక్కించే గోడ వీడియో క్వాలిటీని బట్టి ముందుకీ వెనక్కీ జరుగుతుంది. గడియారం చూసుకుని నిలబడదు.

మూడోవారు సుంకవాదులు. సిద్ధాంతం వీరిదే.

1996లో సింగపూర్‌లో కుదిరిన సమాచార సాంకేతిక ఒప్పందం పుణ్యమా అని డిజిటల్ స్టిల్ కెమెరాకు యూరప్‌లో సుంకం లేదు. వీడియో కెమెరాకు ఉండేది, 4.9 నుంచి 14 శాతం దాకా. ఏది స్టిల్, ఏది వీడియో అని రేవులో కూర్చున్న అధికారి తేల్చాలి. అంటే లక్షణం చెప్పాలి.

లక్షణం చెప్పడమంటే మాటలా? ఆ కష్టం తెలిసినవాడు అన్నంభట్టు. మన తెలుగువాడేనని పెద్దలు చెబుతారు. తాను రాసిన తర్కసంగ్రహానికి తానే దీపిక అనే టీక రాసుకున్నాడు (ఆ సౌకర్యం మాన్యువళ్లు రాసేవారికీ ఉంది; వాడుకోరు). ఆవు అంటే ఏది? కపిలవర్ణం గలది అంటే తెల్లావు జారిపోతుంది: అవ్యాప్తి. కొమ్ములు గలది అంటే గేదె కూడా తోసుకుని వస్తుంది: అతివ్యాప్తి. చీలని ఒంటిగిట్ట గలది అంటే లోకంలో ఒక్క ఆవూ మిగలదు: అసంభవం. ఈ మూడు దోషాలూ తప్పించుకుని తార్కికులు గంగడోలు దగ్గర ఆగారు. గంగడోలు గలది ఆవు. ఎంత హాయిగా ఉంది! ఒంగోలు ఆవును చూసినవారెవరూ దీన్ని కాదనలేరు. జెర్సీ ఆవు మాటేమిటి, దానికి గంగడోలు పేరుకే కదా, అని పూర్వపక్షం. పాలకేంద్రం వాళ్లు గంగడోలు చూడరు, వెన్న శాతం చూసి డబ్బులు కడతారు, కాబట్టి వాళ్లది వేరే దర్శనం అని సమాధానం. ఈ వాదం ఇంకా సాగదీయవచ్చు. లేగదూడకు గంగడోలు ఎప్పటినుంచి లెక్క అనే చర్చ కూడా ఉంది గానీ, కెమెరా ఆన్‌లోనే ఉండిపోయింది.

యూరప్ సుంకాల వ్యాఖ్య చెప్పిన లక్షణం ఇది: 800×600 పిక్సెళ్లు, ఆపైన, సెకనుకు 23 ఫ్రేములు, ఆపైన, ఒకే విడతలో 30 నిమిషాలు, ఆపైన. ఇంత తీయగలిగితే వీడియో కెమెరా, లేకుంటే స్టిల్. అరగంటే గంగడోలన్నమాట. అన్నంభట్టు ఊహించని నాలుగో దోషం ఇక్కడ పుట్టింది. లక్షణం చదువుకున్న ఆవు తన గంగడోలు తానే కోయించుకుని, నేను ఆవునే కాదంటూ గేటు దాటింది. కోసుకున్నది ఒక్క సెకను. మిగుల్చుకున్నది మొత్తం సుంకం.

కాలవిశేషం: ఘడియకు 24 నిమిషాలు, విఘడియకు 24 సెకన్లు. ఈ గడువు ఘడియా పదిహేను విఘడియలకు ఒక్క సెకను తక్కువ. వర్జ్యం కూడా ఇలాగే పని ఆపిస్తుంది. అయితే అది ఎప్పుడు మొదలై ఎప్పుడు పోతుందో పంచాంగం ముందే అచ్చువేసి చెబుతుంది. కెమెరా చెప్పదు. కూచిపూడి కచేరీలో తరంగం వచ్చేది చివర్లో. అమ్మాయి ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు పెట్టి కదలబోతుండగా తెర మీద ఎర్రచుక్క ఆరిపోతుంది. కూత లేదు, హెచ్చరిక లేదు. స్టాండు మీద పెట్టిన కెమెరా తీస్తూనే ఉందనుకుని మనం కళ్లారా చూస్తూ కూర్చుంటాం. మా ఇంట్లో ఉన్న వీడియోలో ఆ పిల్ల ఇంతవరకూ పళ్లెం ఎక్కలేదు. బ్రస్సెల్స్‌లో ఎవరికో సుంకం తప్పించడానికి మా మేనకోడలి తరంగం ఎందుకు ఆగాలి? ఇది వ్యాఖ్యాన మర్యాద కాదని తెలుసు. అడగాల్సిందే.

మన దేశానికీ ఈ గంగడోలు వచ్చింది. 2012 నాటి కస్టమ్స్ మినహాయింపు నోటిఫికేషన్‌లో అవే పిక్సెళ్లు, అవే ఫ్రేములు, అదే అరగంట. కానన్ ఇండియాకూ కస్టమ్స్‌కూ మధ్య వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. 2021 మార్చి 9 తీర్పు నిలిచింది కెమెరా ఎంతసేపు తీస్తుందన్న దాని మీద కాదు; నోటీసు ఇచ్చిన రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారికి ఆ అధికారం ఉందా అన్న దాని మీద. చట్టంలో ‘ప్రాపర్ ఆఫీసర్’ ముందు ‘ది’ అని ఉంది; ఆ ‘ది’ యాదృచ్ఛికం కాదు, మొదట సరుకు విడిచిన అధికారినే సూచిస్తుంది అన్నారు. 2024 నవంబరు 7న పునస్సమీక్షలో అధికారం ఉందనే తేల్చారు. ఒక్క ‘ది’కి ఇంత టీక! నా గంటం ఇక్కడ కాస్త సిగ్గుపడింది.

2015 డిసెంబరులో నైరోబీలో ఆ సింగపూర్ ఒప్పందాన్ని విస్తరించి, వీడియో కెమెరాల సుంకాన్నీ అంచెలంచెలుగా ఎత్తేయడానికి ఒప్పుకున్నారు. 2019 కల్లా యూరప్‌లో ఆ అడ్డు పోయింది. మరుసటేడు వచ్చిన కానన్ ఈఓఎస్ ఆర్5లో మళ్లీ 29 నిమిషాల 59 సెకన్లే. దొంగలు పోయిన ఊళ్లో గస్తీ ఇంకా తిరుగుతోంది. అదే ఏడు సోనీ ఏ7ఎస్ మార్క్ 3 ఆ గడువును తీసేసింది కాబట్టి, సాధ్యం కాదనే వాదం ఎవరికీ మిగల్లేదు.

పాఠాంతరం: కొన్ని పానసోనిక్ లూమిక్స్ మోడళ్లకు యూరప్‌లో అమ్మిన ప్రతుల్లో ఈ గడువు ఉంది; అమెరికాలో అమ్మిన ప్రతుల్లో లేదు. అదే లెన్సు, అదే సెన్సారు, అదే వేడి. కొన్ని తాళపత్రాల్లో ఉండి కొన్నిటిలో కనబడని పద్యాన్ని మన పరిష్కర్తలు ఏమంటారో అందరికీ తెలుసు: ప్రక్షిప్తం. దానికి బ్రాకెట్ వేసి అడుగున పడేస్తారు. ఇక్కడ పరిష్కర్తలూ కంపెనీవారే, వాళ్ల పరిష్కృత ప్రతి పేరు ఫర్మ్‌వేర్ అప్‌డేట్. నా కెమెరాకు ఆ ప్రతి ఇంకా రాలేదు.